శిక్షణ సరే, చోటెక్కడ?

పాత్రికేయ విద్యలో విదేశీ సహకారం మనకు కొత్త కాదు. ఆదిలాబాద్‌కు పొరుగునున్న నాగపూర్‌లో, హిస్లాప్ కళాశాల జర్నలిజం విభాగాన్ని 1952లో నిలబెట్టడానికి ఫుల్‌బ్రైట్ పథకం కింద అమెరికా ఆచార్యుడు రోలాండ్ వోల్స్‌లీ వచ్చారు. 1954లో ఉస్మానియాలోనూ జర్నలిజం విభాగం ఏర్పడింది. ఆ తర్వాత విదేశీ ఫౌండేషన్లు, ఐక్యరాజ్యసమితి సంస్థలు ఎన్నో శిక్షణలు, ఫెలోషిప్‌లు ఇచ్చాయి. ఏడు దశాబ్దాల ఈ సహకారం చివరికి ఎవరి చేతికి కలం అందించిందన్నదే ప్రశ్న.

1996లో ఒక విదేశీ విలేకరి తనకు మాట్లాడడానికి ఒక దళిత పాత్రికేయుణ్ని చూపమని ఢిల్లీలో సీనియర్ పాత్రికేయుడు బి.ఎన్. ఉనియాల్‌ను అడిగాడు. ఎంత వెదికినా ఉనియాల్‌కు ఒక్కరూ దొరకలేదు. పదేళ్ల తర్వాత, 2006లో, జాతీయ మీడియాలో నిర్ణయాధికారం గల 315 మందిని సర్వే చేస్తే వారిలో దళితుడు గానీ ఆదివాసీ గానీ లేరని తేలింది. 2019లో న్యూస్‌లాండ్రీ, ఆక్స్‌ఫామ్ ఇండియా పరిశీలించిన 121 న్యూస్‌రూమ్ నాయకత్వ స్థానాల్లో 106 అగ్రవర్ణాలవే. ఎస్సీ, ఎస్టీలకు ఒక్కటీ లేదు. ఇన్ని శిక్షణల తర్వాత కూడా లెక్క మారలేదంటే లోపం నైపుణ్యంలో లేదు, తలుపు దగ్గర ఉంది.

దళితులకు పత్రిక నడిపే శక్తి లేదనే వాదన చరిత్ర ముందు నిలవదు. కొలంబియాలో చదివివచ్చిన అంబేడ్కర్ 1920లో 'మూక్‌నాయక్' స్థాపించారు. సాహూ మహారాజ్ ఇచ్చిన 2,500 రూపాయలు దానికి ఆసరా అయ్యాయి. నిజాం హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక తెచ్చారు. వీరికి చదువుతోపాటు సొంత వేదిక కూడా ఉంది. నేటి శిక్షణలు ఇవ్వనిది ఈ రెండోదే.

కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో దీన్ని కళ్లారా చూడవచ్చు. జిల్లా అనుబంధాలు వచ్చాక ప్రతి మండలానికీ విలేకరి అవసరమయ్యాడు. బహుజన యువకులు పెద్ద సంఖ్యలో ఆ పనిలోకి వచ్చారు. కానీ చాలామందికి నెల జీతం లేదు. అచ్చయిన వార్తకు నామమాత్రపు పారితోషికం, పైగా ప్రకటనలు తెమ్మనే ఒత్తిడి. వార్తను ఏ పేజీలో పెట్టాలో, ఏ శీర్షిక పెట్టాలో నిర్ణయించే బల్ల మాత్రం వారికి దూరమే. ఇక హైదరాబాద్ హోటల్ హాలులో ఇంగ్లీషులో సాగే శిక్షణకు ఇంగ్లీషులోనే దరఖాస్తు పెట్టాలంటే, జగిత్యాల పల్లె నుంచో ఉట్నూరు గూడెం నుంచో ఎవరు పెట్టగలరు? ఎంపికలో కులం పేరు ఎవరూ ఎత్తరు. భాష, ఖర్చు, పరిచయాలు ఆ పని చేసిపెడతాయి.

ఆదివాసుల సంగతి మరీ ఘోరం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. 13 మంది చనిపోయారని ప్రభుత్వం చెప్పింది. హక్కుల సంఘాలు అంతకు ఎన్నో రెట్లని చెప్పాయి. చనిపోయినవారి భాషలో ఆ వార్త రాసే దినపత్రిక అప్పుడు లేదు, ఇప్పుడూ లేదు. లక్షలమంది మాట్లాడే గోండీకి ఎనిమిదో షెడ్యూలులో కూడా స్థానం దక్కలేదు.

సహకారం సరైన చేతుల్లో పడితే ఫలితం వేరుగా ఉంటుంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి యునెస్కో ఇచ్చిన తోడ్పాటుతో దళిత మహిళలే సంఘం రేడియోను నడిపారు. కార్యక్రమం తయారుచేసేదీ, గొంతు వినిపించేదీ వారే, యాస కూడా వారిదే. 1990ల చివర్లోనే పరికరాలు సిద్ధమైనా గాలి తరంగాల మీదికి వెళ్లేందుకు 2008 అక్టోబరు 15 దాకా ఆగవలసి వచ్చింది. స్వచ్ఛంద సంస్థలకు లైసెన్సు ఇవ్వడానికి ప్రభుత్వం 2006లో గానీ ఒప్పుకోలేదు. సరిహద్దు దాటితే ఛత్తీస్‌గఢ్‌లో, అంతర్జాతీయ నైట్ ఫెలోషిప్ ఊతంతో 2010లో శుభ్రాంశు చౌదరి సీజీనెట్ స్వర ప్రారంభించారు. మామూలు ఫోనులో గోండీలో చెప్పిన కబురు అక్కడ వార్త అయింది.

అయినా ఒక గోడ మిగిలే ఉంది. కమ్యూనిటీ రేడియోకు సొంతంగా వార్తలు సేకరించి ప్రసారం చేసే హక్కు లేదు. దళిత మహిళ విత్తనం గురించి మాట్లాడవచ్చు, తన ఊరి కూలి గొడవను వార్తగా చెప్పరాదు. విదేశీ సాయం మైకు ఇచ్చినా స్వదేశీ చట్టం నోరు కట్టేస్తోంది.

కనుక అడగవలసినవి స్పష్టం. విదేశీ సంస్థలతో కలిసి శిక్షణ నిర్వహించే ప్రతి విశ్వవిద్యాలయమూ, మీడియా అకాడమీ, పత్రికా యాజమాన్యమూ ఎంపికైనవారి సామాజిక వివరాలు ప్రకటించాలి. శిక్షణ ఉట్నూరు, ఆసిఫాబాద్, కరీంనగర్‌లలో, తెలుగు, గోండీ భాషల్లో, భృతితో జరగాలి. శిక్షణ పొందినవారికి డెస్కులో ఉద్యోగం ఒప్పందంలోనే రాసుకోవాలి. కమ్యూనిటీ రేడియోపై వార్తల నిషేధం తొలగాలి. మన విద్యార్థి సంఘాలు కోరవలసింది ధ్రువపత్రాల పంపిణీని కాదు, వార్తను నిర్ణయించే బల్ల దగ్గర వాటాను.