నేలను పాడుచేసింది ఎవరు?

వ్యవసాయ భూములు ఎందుకు పాడవుతున్నాయని అడిగితే, శిక్షణా తరగతుల్లో మనకు ఒకే పాఠం చెబుతారు. జనాభా పెరిగింది, పశువులు అతిగా మేశాయి, ఆడవాళ్లు వంటచెరకు కోసం చెట్లు నరికారు అని. ఈ మూడో మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం కోసం నిపుణులు 1990లో ఒక ప్రపంచ పటం తయారుచేశారు. మనుషుల వల్ల దెబ్బతిన్న నేల 196 కోట్ల హెక్టార్లని వారి అంచనా. అందులో అతిమేపు వాటా 35 శాతం, అడవుల నరికివేత 30, సాగు పద్ధతులు 28. వంటచెరకు వంటి ఇంటి అవసరాల వాటా 7 శాతమే.

ఈ అంకెలు కూడా సగమే చెబుతాయి. పశువుల్ని ఆ కాస్త బీడులోకి నెట్టిందెవరు? అమెరికా మైదానాల్లో గోధుమ లాభాల కోసం గడ్డినేలలు దున్నేశారు, 1930లలో కరువొచ్చి ఆ మన్ను దుమ్మై లేచిపోయింది. మధ్య ఆసియాలో సోవియట్ ప్రభుత్వం 1960 నుంచి పత్తి కోసం అరల్ సముద్రానికి చేరే నదుల్ని మళ్లించింది. సముద్రం ఎండింది, పొలాలు చవుడుబారాయి. అక్కడ నిందించడానికి కట్టెలు ఏరుకునే ఆడవాళ్లు దొరకలేదు!

కెన్యాలో దొరికారు. బ్రిటిష్‌వాళ్లు మంచి ఎత్తునేలలు తెల్లవాళ్లకు కేటాయించి, ఆఫ్రికన్లను ఇరుకైన రిజర్వుల్లోకి తోశారు. అక్కడ మన్ను కొట్టుకుపోతే వాళ్లకు సేద్యం రాదన్నారు. మళ్లీ వాళ్ల చేతనే వెట్టిగా గట్లు వేయించారు. మగవాళ్లు వలస పోగా ఆ పని ఆడవాళ్ల నెత్తిన పడింది. నేటి మురాంగా ప్రాంతపు స్త్రీలు 1948లో ఆ పని చేయమని తిరగబడ్డారు.

వాళ్లకు గట్లంటే పడక కాదు. అదే దేశంలో మచాకోస్ జిల్లా సంగతి చూడండి. 1930లలో పనికిరాదని అధికారులు వదిలేసిన నేల అది. 1990 నాటికి జనాభా ఐదు రెట్లు దాటింది, మన్ను కోత మాత్రం తగ్గిందని 1994లో వచ్చిన ఒక అధ్యయనం చూపింది. కాఫీ వేసుకోనిచ్చారు, నైరోబీలో అంగడి దొరికింది, భూమి తమదే అన్న ధీమా వచ్చింది. ‘మ్వెథ్యా’ అనే పనిబృందాల్లో ఎక్కువమంది స్త్రీలే, గట్లు వేసిందీ వాళ్లే. పట్టాలు మాత్రం చాలావరకు మగవాళ్ల పేరనే. భూమి విషయంలో స్త్రీల పట్ల వివక్ష తొలగాలని కెన్యా రాజ్యాంగంలో రాసుకున్నది 2010లో.

మన దేశంలో 2015-16 వ్యవసాయ గణన ప్రకారం స్త్రీల చేతిలోని కమతాలు సుమారు 14 శాతం. వచ్చే ఏడు తన చేతిలో ఉంటుందో లేదో తెలియని చేలోకి ఏ కౌలురైతు చెరువుమట్టి తోలుతుంది? వాటర్‌షెడ్ పనుల్లో గట్టు వేసే కూలి మనది, గట్టు పడిన చేను ఇంకొకరిది. ఇకమీదట ఆ కమిటీల్లో కూర్చున్నప్పుడు ఎన్ని మీటర్ల గట్టు అన్న లెక్కతో పాటు, ఆ సర్వే నంబర్లలో ఎన్ని స్త్రీల పేర ఉన్నాయో కూడా రాయించాలి.