లూథరన్ కాలేజీలో మన పిల్లలా?

మన బడిలో చదివి కాలేజీ వయసుకొచ్చిన పిల్లల తల్లిదండ్రులు మమ్మల్ని అడుగుతుంటారు, "అది లూథరన్ వాళ్ళ కాలేజీ అటండీ, మనవాళ్ళను పంపొచ్చా?" అని. గుంటూరు వారు కూడా అడిగితే మాకు నవ్వొస్తుంది. ఏ.సి. కాలేజీ ఎవరిది మరి? 1842లో అమెరికా నుంచి వచ్చిన ఫాదర్ హయ్యర్ మొదలుపెట్టిన లూథరన్ మిషనే 1885లో అక్కడ కాలేజీ పెట్టింది. ఎన్.టి. రామారావు అక్కడ చదివారు. రామాయణ కల్పవృక్షం రాసిన విశ్వనాథ వారు అక్కడ పాఠాలు చెప్పారు!

విద్యార్థుల్లో లూథరన్లు తగ్గాక ఆ పేరెందుకని ఇక్కడ అమెరికాలోనూ కొందరంటారు. మేము ఒప్పుకోము. లూథర్ స్వయంగా విట్టెన్‌బర్గ్ యూనివర్సిటీ ప్రొఫెసర్. 1524లోనే జర్మన్ పట్టణాల పెద్దలకు రాస్తూ ఆడపిల్లలకూ బడులు కావాలన్నాడు. చర్చికే కాదు, ఊరి పాలనకూ చదువుకున్నవాళ్ళు కావాలన్నాడు. ఆ నమ్మకంతో కట్టిన కాలేజీ అందరినీ చేర్చుకుంటే దాని లూథరన్‌తనం ఎక్కడికీ పోదు. మతం, చరిత్ర, సాహిత్యం తీసేసి ఉద్యోగం తెచ్చే కోర్సులే మిగిల్చిననాడు పోతుంది.

అలాంటి చదువు మాకు తెలుసు. మన ఊళ్ళో నాలుగేళ్ళు ఇంజనీరింగ్ చదివాము. ఎందుకు చదువుతున్నారని ఒక్క మాస్టారూ అడగలేదు.