గ్లూకోజు సీసాకు లొంగని నీరసం

"నిద్ర పట్టట్లేదు డాక్టరుగారూ, కాళ్లు పీకుతున్నాయి, గుండె దడదడలాడుతోంది..." ఏ ఊళ్లోనైనా ఆర్‌ఎంపీకి ఈ మాటలు కొత్త కాదు. ఆయనా ఎక్కువ అడగడు. బీపీ చూస్తాడు, బలానికో సూది వేస్తాడు. మరీ నీరసమంటే గ్లూకోజు ఎక్కిస్తాడు. రెండు రోజులు తేలిగ్గానే ఉంటుంది. మూడోరోజు మళ్లీ తెల్లవారుజామున మూడింటికే మెలకువ!

'నాకు దిగులుగా ఉంది' అని మాత్రం ఎవరూ అనరు. మగవాళ్లు అసలే అనరు. మనసు బాగాలేదంటే ఊళ్లో దానికున్న పేరు ఒకటే... పిచ్చి. ఆ మాట ఒకసారి పడిందంటే ఇంట్లో ఆడపిల్ల సంబంధం దాకా పోతుంది. అందుకే మనసు చెప్పలేనిది ఒంటిమీద పెట్టి చెబుతారు. అబద్ధమేం కాదు, నొప్పి నిజంగానే ఉంటుంది. కుంగుబాటు చాలామందిలో ఒళ్లు నొప్పులుగా, నిద్రలేమిగా బయటపడుతుందన్నది వైద్యులకు తెలిసిందే.

ఆ నిద్రలేమి వెనక లెక్కలుంటాయి. సొంత పొలమున్నవాడికి పాసుపుస్తకమైనా ఉంది. కౌలురైతుకు అదీ లేదు. బ్యాంకు గడప ఎక్కలేడు కాబట్టి ఎరువుల కొట్టాయన దగ్గరే అప్పు, పంట కూడా ఆయనకే. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం తెచ్చారు. కాగితం మీద పేరెక్కితే పొలం చేజారుతుందేమోనని భూయజమానులు జంకారు. 2018లో తెలంగాణలో వచ్చిన రైతుబీమా కూడా పట్టా ఉన్నవాళ్లకే. అప్పుకన్నా ఎక్కువ కుంగదీసేది మరొకటుంది. పదిమంది చూస్తుండగా అప్పులవాడు వచ్చి అరుగుమీద కూర్చోవడం.

ఆయనకు నిద్ర లేకపోతే ఆవిడకీ ఉండదు. డ్వాక్రా కిస్తీ ఆవిడ పేరు మీదే కదా! కాకపోతే ఆవిడ సూదికైనా వెళ్లదు.

పల్లెలో మనసుకు వైద్యం అందించాలని ప్రభుత్వాలు అనుకోకపోలేదు. 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైనప్పుడు దేశం మొత్తమ్మీద ఎంచుకున్న తొలి నాలుగు జిల్లాల్లో మన మెదక్ ఒకటి. పీహెచ్‌సీ డాక్టరుకే శిక్షణ ఇచ్చి, మందులు అక్కడే దొరికేలా చూడాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. అయినా, 2015-16లో నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో కుంగుబాటు, ఆందోళన లాంటి సమస్యలున్నవాళ్లలో సుమారు 85 శాతానికి చికిత్సే అందట్లేదని తేలింది. ఆ పన్నెండింటిలో మన రాష్ట్రాలు లేవు. ఉన్నా అంకె పెద్దగా మారేదనుకోను.

ఆర్‌ఎంపీని తప్పుపట్టి లాభం లేదు. అర్ధరాత్రి తలుపు తీసేది ఆయనే. అదే నీరసంతో మళ్లీ వచ్చిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని "అప్పులేమైనా ఉన్నాయా? చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆయన అడగగలగాలి. ఇంట్లోవాళ్లూ అడగొచ్చు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది భయపడతారు. అలా జరగదు, చెప్పుకోవడానికి దారి దొరుకుతుంది. 'అవును' అంటే మాత్రం ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు. ఇంట్లో ఉన్న పురుగుమందులు ఆ పూటే వేరేవాళ్ల దగ్గరకు చేర్చాలి. ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిచ్చి అన్న పేరు పడుతుందని జంకేవాళ్లకు ఇందులో ఒక వెసులుబాటుంది. ఎవరి గడపా ఎక్కక్కర్లేదు, పొలం గట్టుమీద కూర్చుని చేసుకోవచ్చు.