నల్లజాతి స్త్రీలు – వార్ధక్యం – ఆత్మగౌరవం

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు మన పెద్దలు. బాల్యంలో నేర్వనిది ముదిమిలో నేర్వజాలమని ఆ సామెతకు మనం చెప్పుకొనే అర్థం. సామెత మంచిదే. పిల్లలను బడికి పంపడానికి అది ఎంతగానో ఉపకరించింది. అయితే బాల్యంలో నేర్చుకొనే అవకాశమే ఇవ్వని సమాజంలో పుట్టిన మనిషి మాట ఏమిటి? ఈ ప్రశ్నతోనే మేము అమెరికాలోని నల్లజాతి స్త్రీల జీవిత చరిత్రలు కొన్ని చదివాము. చదివిన మీదట మాకు కలిగిన అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచుతున్నాము.

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో బానిసత్వం 1865లో రాజ్యాంగరీత్యా రద్దయింది. కాని ఆ తరువాత కూడ దక్షిణాది రాష్ట్రాలలో నల్లవారికి బడి వేరు, ఆస్పత్రి వేరు, రైలుపెట్టె వేరు. ఇతరుల ఇంట వంట, ఇతరుల బిడ్డల పెంపకం, ఇతరుల చేలలో పత్తి తీయడం – ఇట్లా ఎందరో నల్లజాతి స్త్రీల యౌవనమంతా ఇతరుల పాలయ్యేది. తనకంటూ కొంత కాలం దక్కేసరికి తల నెరిసిపోయేది. అట్టి వారిలో కొందరు ఆ మిగిలిన కాలాన్ని ఎట్లు వినియోగించుకొన్నారో తెలిసికొనదగినది.

అన్నా జూలియా కూపర్ 1858లో ఉత్తర కరోలినాలో ఒక బానిస స్త్రీకి జన్మించారు. వాషింగ్టన్ నగరంలో ఉపాధ్యాయినిగా, ప్రధానోపాధ్యాయినిగా పనిచేశారు. ఏబది యేండ్లు దాటిన తరువాత బంధువుల బిడ్డలను అయిదుగురిని చేరదీసి పెంచారు. ఆ బాధ్యతల నడుమనే చదువు సాగించి 1925లో, తన 66వ యేట, పారిస్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. ఫ్రెంచి విప్లవ కాలంలో బానిసత్వం పట్ల ఫ్రాన్సు అనుసరించిన వైఖరి ఆమె పరిశోధనాంశం. అటు పిమ్మట, పగలంతా పనిచేసికొనే పెద్దల కోసం తన ఇంటిలోనే తరగతులు నడిపించారు. 1964లో, 105 సంవత్సరాల వయస్సులో కన్నుమూశారు.

కూపర్‌కు చదువు ఉన్నది. అది కూడ లేని క్లెమెంటైన్ హంటర్ కథ మరింత ఆలోచింపజేస్తుంది. లూసియానాలోని మెల్‌రోజ్ ఎస్టేటులో ఆమె పత్తి తీశారు. తరువాత దొరల ఇంట వంట, చాకిరీ చేశారు. చదవడం, వ్రాయడం ఆమెకు రావు. ఏబది యేండ్లు పైబడిన తరువాత, అతిథిగా వచ్చిన ఒక చిత్రకారిణి విడిచిపెట్టి వెళ్ళిన రంగులతో, రాత్రివేళ పని ముగిసిన మీదట బొమ్మలు వేయసాగారు. అట్టముక్క, చెక్క, ఖాళీ సీసా – ఏది దొరికితే దానిమీద. పత్తి చేలు, పెండ్లిండ్లు, శవయాత్రలు, బట్టలుతికే స్త్రీలు ఆమె చిత్రాలలో సజీవంగా నిలిచిపోయారు. 1955లో ఒక కళాశాలలో ఆమె చిత్రాలను ప్రదర్శించారు. శ్వేతజాతి ప్రేక్షకులు ఉన్న వేళ చిత్రకారిణికే ప్రవేశం లేదు! జనం లేనప్పుడు వెనుక ద్వారం గుండా తీసికొనిపోయి ఆమె బొమ్మలు ఆమెకు చూపించారు. 1986లో అదే విద్యాసంస్థ ఆమెకు గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అప్పటికి ఆమె నూరేండ్లకు చేరువైనారు. కళాశాల సంచికలో వ్రాస్తున్నాము గనుక ఈ ముప్పది యొక్క సంవత్సరాల ఆలస్యం మమ్ము అన్నిటికన్న ఎక్కువ బాధించింది.

ఆల్మా థామస్ వాషింగ్టన్‌లో 35 సంవత్సరాలు పిల్లలకు చిత్రలేఖనం నేర్పి 1960లో పదవీ విరమణ చేశారు. కీళ్ళవాతం బాధిస్తున్నా కుంచె విడువలేదు. తన ఇంటి కిటికీలో నుండి కనిపించే చెట్టు, ఆకుల నడుమ మెరిసే ఎండ ఆమెకు క్రొత్త శైలిని ప్రసాదించాయి. 1972లో, 80వ యేట, న్యూయార్కులోని విట్నీ ప్రదర్శనశాలలో ఏకవ్యక్తి ప్రదర్శన జరిగిన తొలి నల్లజాతి స్త్రీ ఆమె.

ఈ కథలు విని, "ఎంత ఓర్పు! ఎంత సహనం!" అని మెచ్చుకొని ఊరుకొంటే సరిపోతుందా? స్త్రీని భూదేవితో పోల్చి ఆమె ఓర్పును పొగడడం మనకు అలవాటు. ఓర్పును పొగడేవారు, ఆ ఓర్పు అవసరం కలిగించిన వారెవరని కూడ అడగాలి. దక్షిణ కరోలినాలో సెప్టిమా క్లార్క్ అనే ఉపాధ్యాయిని, నల్లజాతి హక్కుల సంఘంలో సభ్యత్వం వదలుకొననందుకు 1956లో, 58వ యేట, ఉద్యోగం పోగొట్టుకొన్నారు. నలుబది యేండ్ల సేవకు రావలసిన పింఛను కూడ పోయింది. ఆమె క్రుంగిపోక, ఓటుహక్కు పొందడానికి అక్షరజ్ఞానం తప్పనిసరి అయిన ఆ రాష్ట్రంలో వయోజనులకు చదువు చెప్పే పౌరసత్వ పాఠశాలలను తీర్చిదిద్దారు. ఆ పింఛను ఆమెకు 1976లో గాని దక్కలేదు. ఆమె ధైర్యం స్తుత్యమే. అంతమాత్రాన ఆ ఇరువది యేండ్ల అన్యాయం ఒప్పుకాదు.

మా అభిప్రాయం ఇది. తన్ను తాను గౌరవించుకోవడం స్వార్థం కాదు. నీ విలువ ఇతరుల సేవలోనే ఉన్నదని తరతరాలుగా చెప్పబడిన స్త్రీ, రాత్రి దీపం ముందు తన కోసం ఒక బొమ్మ వేసికొంటే అది గొప్ప ధిక్కారమే. అయితే ఆ ఆత్మగౌరవం నిలబడడానికి తీరిక కావాలి, చేతిలో నాలుగు డబ్బులు కావాలి, కూర్చొనడానికి ఇంత చోటు కావాలి.

"వీరు అసాధారణులు, సామాన్యుల మాట ఏమిటి?" అని కొందరు ఆక్షేపించవచ్చును. అలబామాలోని జీస్ బెండ్ అనే పల్లె స్త్రీలు చలికి తాళలేక చినిగిన పని బట్టలతో బొంతలు కుట్టుకొన్నారు. 2002లో ఆ బొంతలను హూస్టన్ లలితకళల ప్రదర్శనశాల గోడలకు అలంకరించినప్పుడు లోకం అది కళ అని గుర్తించింది. బొంత కుట్టే చేతులు మన ఇండ్లలో లేవా? పాత చీరెల అంచులు కలిపే మన నానమ్మను, మన నానీని "ఈ వయస్సులో నీకెందుకు, దైవస్మరణ చేసికొంటూ కూర్చోరాదా" అని మందలించని వారెందరు?

వారి చరిత్ర వేరు, మన చరిత్ర వేరు. రెండింటినీ ఒకే త్రాసులో తూచడం మా ఉద్దేశం కాదు. విద్యార్థులకు మా మనవి ఒక్కటే: ఈ సెలవులలో ఇంటిలోని వృద్ధ స్త్రీని, "చిన్ననాట నీవు నేర్చుకోవాలనుకొని నేర్చుకోలేకపోయినది ఏది?" అని అడగండి. కళాశాల కమిటీ పెద్దలకు కూడ ఒక విన్నపం: విద్యార్థుల తల్లులు, అమ్మమ్మలు వచ్చి కూర్చొని ఉర్దూలోనో తెలుగులోనో చదువుకొనేందుకు వారానికి రెండు సాయంకాలాలు గ్రంథాలయం తెరిచి ఉంచవలెను. వారు వచ్చినప్పుడు ముందు ద్వారం గుండానే రావలెను.