సీలుకు తగిన నూనె

రబ్బరు సీలు బిగుసుకొన్నచో మగ్గమునకు వాడే నూనెనే రెండు చుక్కలు పూయుట మన కార్ఖానాలలో తరచు కనబడు అలవాటు. షోలాపూరులోనేమి, ఇతర ఊళ్లలోనేమి, మనవారు దీనిని మానవలెను.

రబ్బరులన్నియు ఒక జాతివి కావు. గాలి సిలిండర్లలో సాధారణముగా ఉండే నైట్రైలు రబ్బరు ఖనిజ తైలమునకు ఓర్చుకొనును. వేడినీరు, ఆవిరి తగులు చోట్ల వేసే ఇ.పి.డి.ఎం. రబ్బరు ఆ తైలమును పీల్చి, ఉబ్బి, మెత్తబడి చెడిపోవును. సహజ రబ్బరు గతియు అంతే. పూర్వము మోటారు బ్రేకులలో సహజ రబ్బరు సీళ్లకు ఆముదము కలిపిన ద్రవమును వాడినది ఇందువల్లనే. ఈ రెంటికిని సిలికోను గ్రీజు తగినది. అయితే సిలికోను రబ్బరుకు మాత్రము అదే గ్రీజు పనికిరాదు.

గ్రీజు ఖరీదెక్కువ అనువారున్నారు. నూలుకు రంగువేయు యంత్రపు మూత సీలు చెడినచో పోవునది వాషరు ఖరీదు మాత్రమే కాదు. మరుగుచున్న రంగునీరు చిమ్మి పనివాని ఒళ్లు కాలవచ్చును. ఆ నష్టము ఏ లెక్కలో వ్రాయుదుము?

కనుక సీలు కొనునప్పుడు రబ్బరు జాతిని బిల్లుపై వ్రాయించుకొనుట సభ్యులందరికిని నియమము కావలెను. జాతి తెలియనిచో, తీసివేసిన సీలు ముక్కను ఆ నూనెలో రెండు మూడు దినములు నానవేసి, నానని ముక్కతో పోల్చి చూడుడు. ఉబ్బినచో ఆ నూనె దానికి శత్రువే. నూనె డబ్బాకు, గ్రీజు డబ్బాకు వేరువేరు రంగులు పూసి, ఏది దేనికో గోడపై తెలుగులోను, స్థానిక భాషలోను వ్రాయుడు. మరాఠీలోనో, కన్నడములోనో చదువుకొన్న మన కుర్రవారికి తెలుగు పలక ఒక్కటే చాలదు.