నడవమని రాస్తారు, నడిపించేదెవరు?

ఇంటర్ ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగులు ముగిసేదాకా నా ఫోన్‌కి తీరిక ఉండదు. "మేడమ్, మా అమ్మాయి బైపీసీ. నీట్‌లో ర్యాంకు రాలేదు. ఎక్సర్‌సైజ్ సైన్స్ అని ఏదో డిగ్రీ ఉందట, చేర్పించమంటారా?" అని ఒకరు. "అంటే జిమ్ కోచింగేనాండీ?" అని ఇంకొకరు. విజయనగరంలో గుండె, ఊపిరితిత్తుల జబ్బులవాళ్లకి ఫిజియోథెరపీ చేస్తూ, మధ్యమధ్య కాలేజీలో పాఠాలు చెప్పే మనిషిని కాబట్టి నన్నడుగుతారు. చదువు మంచిదేనంటాను. మనకి చాలా అవసరం కూడా. కానీ ఆసుపత్రిలో ఆ చదువుకి ఒక కుర్చీ వెయ్యకుండా కాలేజీల్లో బెంచీలు మాత్రం వేసుకుంటూ పోతే అది పిల్లల్ని మోసం చెయ్యడమే.

అవసరమెందుకో ముందు చెప్తాను. మీ ఇంట్లో ఉన్న మందుల చీటీ ఒకటి తీసి చూడండి. మెట్‌ఫార్మిన్ ఎన్ని మిల్లీగ్రాములు, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని, తిన్నాకా తినకముందా, అన్నీ ఉంటాయి. అట్టడుగున "రోజూ వాకింగ్" అని ఒక ముక్క. ఎంతసేపు, ఎంత జోరుగా, ఎన్ని వారాలకి ఎంత పెంచాలి, ఏం కనిపిస్తే ఆపెయ్యాలి, ఇవేవీ ఉండవు. డాక్టరుగారిని తప్పుపట్టను. బయట వరండా నిండా జనం కూర్చుని ఉంటే ఆయన మాత్రం ఎంతమందికని విడమరిచి చెప్తారు? రోగి ఇంటికెళ్లి తనకి తోచిన అర్థం చెప్పుకుంటాడు. స్టెంటు వేయించుకున్న ఓ జూట్ మిల్లు కార్మికుడు నెలల తరబడి గడప దాటలేదు, గుండె ఆగిపోతుందేమోనని. అదే వార్డులో పక్క మంచమాయన ఇంటికెళ్లిన కొద్దిరోజులకే సింహాచలం మెట్లెక్కాడు, మొక్కుందని. ఇద్దరి చీటీల్లోనూ ఉన్నది ఒకటే మాట.

చదువు పనికొచ్చేది ఇక్కడే. గుండె రోగులు చాలామంది బీటా బ్లాకర్ మాత్ర మీద ఉంటారు. అది నాడిని పెద్దగా పెరగనివ్వదు. మనిషి ఆయాసపడుతున్నా చేతి వాచీలో అంకె తక్కువే చూపిస్తుంది. జిమ్ గోడల మీద రాసి ఉండే "220లోంచి మీ వయసు తీసెయ్యండి" లెక్క పట్టుకుని, ఇంకా జోరు పెంచు, ఇంకా పెంచు అన్నామా, అంతే సంగతులు. అందుకే స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ 6 నుంచి 20 దాకా అంకెలతో తయారుచేసిన కొలత వాడతాం. ఎంత కష్టంగా ఉందో రోగే అంకె చూపించి చెప్తాడు. మా గదిలో దాన్ని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి తగిలించాం. అక్షరాలు రానివాళ్లకి ఇంకా తేలిక దారి ఉంది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అది మధ్యరకం శ్రమ.

షుగరు రోగిది మరో లెక్క. గ్లిమెపిరైడ్ మాత్రో ఇన్సులినో తీసుకుని పరగడుపున చీకటితో నడకకి బయల్దేరితే దారిలో చెమటలు పట్టి కూలబడొచ్చు. కంటి రెటీనా మీద కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చినవాళ్లు ఊపిరి బిగబట్టి బరువులెత్తకూడదు. అరికాళ్లలో స్పర్శ పోయిన మనిషికి గడ్డి మీద చెప్పుల్లేకుండా నడవమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి పార్కులోనూ ఉంటారు. ఆ తరవాత పడిన పుండుకి కట్లు మార్చేది వాళ్లు కాదు కదా.

వ్యాయామం మందులా పనిచేస్తుందన్నది ప్రచారానికి పుట్టించిన మాట కాదు. లండన్ డబుల్ డెక్కర్ బస్సుల్లో కూర్చుని నడిపే డ్రైవర్లకంటే రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువని జెర్రీ మోరిస్ అనే డాక్టరు 1953లోనే లాన్సెట్ పత్రికలో చూపించాడు. 1966లో అమెరికాలోని డాలస్‌లో ఐదుగురు కుర్రాళ్లని మూడు వారాలపాటు మంచం మీదే ఉంచి, వాళ్ల ఒళ్లు ఆక్సిజన్‌ని వాడుకునే శక్తి ఎంత పడిపోయిందో కొలిచారు. 30 ఏళ్ల తరవాత అదే ఐదుగురిని పిలిచి మళ్లీ కొలిస్తే, ముప్ఫై ఏళ్ల వయసు తెచ్చిన నష్టంకన్నా ఆ మూడు వారాల మంచం తెచ్చిన నష్టమే ఎక్కువని తేలింది. ఈ పాఠం చెప్పేటప్పుడు క్లాసులో ఎవరూ ఫోన్ చూడరు. ఆపరేషనైన మనిషి చుట్టూ చేరి "కదలకు, కదలకు" అనే చుట్టాలందర్నీ కూడా ఆ క్లాసులో కూర్చోబెట్టాలని నా కోరిక.

మనవాళ్లు చేసిన పనీ ఉంది. చెన్నైలో ఎ. రామచంద్రన్ బృందం షుగరు అంచున ఉన్న 531 మందిని మూడేళ్లపాటు గమనించి 2006లో ఫలితం ప్రకటించింది. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో షుగరు వచ్చే ముప్పు 28.5 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మింగినవాళ్లలో తగ్గింది 26.4 శాతం. అంటే మాత్రకి ఏమాత్రం తీసిపోలేదు. ఇప్పుడు దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లు, అంచున ఉన్నవాళ్లు 13.6 కోట్లు అని ఐసీఎంఆర్ సర్వే 2023లో లెక్క తేల్చింది. బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే ఏర్పాటు ఊళ్లదాకా వచ్చింది, సంతోషం. తిండి, నడక మార్పించే ఆ రెండో వైద్యం చేసే మనిషి మాత్రం జిల్లా కేంద్రంలో కూడా దొరకడం కష్టం.

ఇంకో పరిశోధన గురించి కూడా చెప్పాలి, కొందరికి రుచించకపోయినా. గుండెపోటు వచ్చి తేరుకున్నవాళ్లకి యోగా నేర్పితే ఏమవుతుందో దేశంలోని 24 ఆసుపత్రుల్లో దాదాపు 4 వేల మంది మీద పరీక్షించి 2020లో ప్రచురించారు. యోగా చేసినవాళ్లు తమ ఆరోగ్యం మెరుగ్గా ఉందన్నారు, పూర్వపు పనుల్లోకి ఎక్కువగా తిరిగి వెళ్లగలిగారు. అయితే మరణాలు, మళ్లీ గుండెపోట్లు తగ్గాయని గట్టిగా చెప్పేంత తేడా కనపడలేదు. భక్తులు మొదటి సగం చెప్పి ఊరుకుంటారు, కిట్టనివాళ్లు రెండో సగం. రెండూ కలిపి రోగికి అర్థమయ్యేలా చెప్పడం విశ్వవిద్యాలయంలో కూర్చుని నేర్చుకోవలసిన విద్య. వారాంతపు ట్రైనర్ సర్టిఫికెట్లతో అది రాదు.

అందుకే చేరతామన్న పిల్లలకి ముందే చెప్పేస్తాను, ఇది ఆటపాటల చదువు కాదని. అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ, బయోమెకానిక్స్, ఈసీజీ, పోషకాహారం, సైకాలజీ, వీటన్నిటి వెనకాల స్టాటిస్టిక్స్. ఇంటర్‌తో లెక్కల పీడ వదిలిందని సంబరపడి వచ్చిన బైపీసీ పిల్లల మొహాలు ఆ చివరి పేపరు దగ్గర చూడాలి. ఇక ల్యాబు. ఊపిరిలో ఎంత ఆక్సిజన్ వాడామో కొలిచే యంత్రం లక్షల ఖరీదు. బ్రోచర్ మీద దాని ఫొటో తప్పకుండా ఉంటుంది. ఫీజు కట్టే ముందు దాని మీద కప్పిన గుడ్డ తీయించి, ఈ నెలలో ఎవరిని కొలిచారో రిజిస్టరు చూపించమనండి. మంచి మాస్టారున్నచోట ఆ యంత్రం లేకపోయినా చాలా నేర్చుకోవచ్చు. 30 మీటర్ల వరండా, స్టాప్‌వాచ్ ఉంటే ఆరు నిమిషాల నడక పరీక్ష జరిగిపోతుంది. చేతులు గుండెల మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు, అంతకు మించి పడితే కండ కరుగుతోందని అనుమానించాలని ఆసియా దేశాల నిపుణులు 2019లో ప్రమాణం పెట్టారు. దానికి కుర్చీ ఒక్కటి చాలు.

ఆ పరీక్షలో వెనకబడిన పెద్దవాళ్లకి నడక ఒక్కటే సరిపోదు, కండకి పని పెట్టాలి, బరువులెత్తించాలి. ఇది ఒప్పించడం మా దగ్గర ఎంత కష్టమో చెప్పలేను. పక్కనే ఉన్న శ్రీకాకుళం జిల్లా ఆడపిల్ల కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలెత్తి ఒలింపిక్ కాంస్యం తెచ్చింది. మా జిల్లా కొండవెలగాడకి వెయిట్ లిఫ్టర్ల ఊరని పేరు. అయినా అరవై దాటిన అత్తగారి చేతిలో రెండు కిలోల డంబెల్ పెట్టానా, కోడలు పరిగెత్తుకొస్తుంది: "వద్దండి మేడమ్, అత్తయ్యగారు బరువులెత్తకూడదు!" ఆ అత్తయ్యగారే ఇంట్లో నిండు బిందె చంకనెత్తుకుంటున్నారు, దానికి ఎవరికీ అభ్యంతరం లేదు. సైకాలజీ పేపరు ఎందుకు పెట్టారో నా వెంట వార్డుకొచ్చే పిల్లలకి ఆ పూట అర్థమవుతుంది.

విదేశాల మోజున్నవాళ్లకి ఒక మాట. మా పిన్ని మనవరాలు టెక్సాస్‌లో కినీసియాలజీ తీసుకుందని తెలిసినరోజు మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒక్క చప్పట్ల బొమ్మ పడలేదు. "డ్రిల్లు టీచరమ్మ అవుతుందేమిటే?" అని పిన్ని నన్నడిగింది. ఆ పిల్ల నాలుగేళ్ల డిగ్రీ ముగించి ఇప్పుడు మూడేళ్ల డాక్టర్ ఆఫ్ ఫిజికల్ థెరపీ చదువుతోంది. అమెరికాలో చాలామందికి ఆ డిగ్రీ ఇలా పైకి వెళ్లే మెట్టు, దాంతోనే లైసెన్సు చేతికి రాదు. మన కన్సల్టెన్సీల్లో కొందరు మాత్రం ఎక్సర్‌సైజ్ సైన్స్‌లో ఎంఎస్ చేస్తే ఫిజియోథెరపిస్టు అయిపోయినట్టే చెప్తారు. ఆ రెండూ వేరువేరు వృత్తులు.

ఆస్ట్రేలియా దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది. అక్కడ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్టు అని గుర్తింపున్న వృత్తి ఉంది. విశ్వవిద్యాలయ చదువు, రోగుల మధ్య వందల గంటల శిక్షణ ఉంటేనే ఆ గుర్తింపు ఇస్తారు. దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లని ఫ్యామిలీ డాక్టరు వీళ్ల దగ్గరకి పంపితే, ఏడాదిలో కొన్నిసార్లకి ప్రభుత్వ మెడికేర్ డబ్బిస్తుంది. 2006 నుంచీ ఈ పద్ధతి నడుస్తోంది. పంపే డాక్టరు, చూసే మనిషి, డబ్బు కట్టే ఖజానా మూడూ ఒక తాటి మీదకొచ్చాకే ఆ పట్టాకి రోగుల దగ్గర విలువ ఏర్పడింది.

మన దగ్గర 2021లో అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం వచ్చింది. ఫిజియోథెరపీకి అందులో ప్రత్యేక స్థానం దొరికింది. మా పనిని ఎక్సర్‌సైజ్ సైన్స్ చదివిన ఈ కొత్తవాళ్లు లాక్కుంటారని మా వృత్తిలోనే కొందరి భయం. నాకు ఆ భయం లేదు. పక్షవాతం, మోకాలి ఆపరేషన్, మెడనొప్పి మా చేతుల్లోనే ఉంటాయి. షుగరున్న నలభై ఏళ్ల ఆటో డ్రైవరుకి ఏడాది పొడవునా వ్యాయామం నేర్పి, కొలిచి, మార్చే పని మేం చెయ్యడంలేదు. నిజం చెప్పాలంటే ఎవరూ చెయ్యడంలేదు. ఖాళీగా ఉన్న పనిని లాక్కునేదేముంది?

గ్వాలియర్‌లో 1957 నుంచి వ్యాయామ విద్య చెప్తున్నారు, చెన్నైలో, ఇంఫాల్‌లో క్రీడా విశ్వవిద్యాలయాలున్నాయి. తెలంగాణ కూడా యంగ్ ఇండియా పేరుతో ఒకటి పెడతామని ప్రకటించింది. పతకాల కోసం పెట్టండి, తప్పులేదు. వాటిలో ఒక శాఖ మొహం మాత్రం స్టేడియం వైపు కాకుండా ఆసుపత్రి వైపు తిప్పాలి. చివరి ఏడాదంతా పిల్లలు జిల్లా ఆసుపత్రిలో, కార్డియాలజీ, డయాబెటిస్ ఓపీల్లో గడపాలి. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద స్టెంటు పడినవాళ్లకి ఆ తరవాతి వారాల వ్యాయామానికి కూడా విడిగా ఒక లెక్క ఉండాలి. అన్నిటికన్నా ముందు, వైద్య ఆరోగ్య శాఖ పోస్టు పేరు, స్కేలు, ఏ డాక్టరు కింద పనిచెయ్యాలో స్పష్టంగా రాసి జీవో ఇవ్వాలి. అది చూశాకే కాలేజీలకి సీట్లు మంజూరు చెయ్యాలి. మొదటి విడత జిల్లాకి ఒక్క పోస్టు ఇచ్చినా చాలు. మా జిల్లాకి వచ్చే మనిషికి గది వెతకనక్కర్లేదు, నా గదిలోనే ఇంకో బల్ల పడుతుంది.