ఒక బండికి రెండు జీవితములా?

మోటారుబండికి జీవితకాల పన్ను అని యొక పన్ను కలదు. జీవితకాలమనగా ఆ బండి జీవితకాలమే యని సామాన్యుడు తలంచును. పాపము, అది వాని యమాయకత్వము. బండి రాష్ట్రపు పొలిమేర దాటి, ఆవలి రాష్ట్రమున నొక యేడు నిలిచినంతనే దానికి పునర్జన్మ కలుగుననియు, ఆ జన్మకు మరల జీవితపన్ను చెల్లింపవలెననియు మన ప్రభుత్వములు నిర్ణయించియున్నవి. కర్మసిద్ధాంతము నింత నిష్ఠతో నాచరణమున పెట్టిన ఘనత రవాణాశాఖలకే దక్కినది.

శాసనమేమి చెప్పుచున్నదో చూడుడు. 1988 నాటి మోటారువాహనముల చట్టమున 46వ సెక్షను ప్రకారము ఒక రాష్ట్రమున రిజిస్టరైన బండి భారతదేశమందంతటను చెల్లును. వినుట కెంత మనోహరముగా నున్నది! కాని మరుసటి సెక్షనే యీ మనోహరత్వమునకు గడువు విధించుచున్నది. పండ్రెండు నెలలకు మించి మరియొక రాష్ట్రమున బండి నుంచుకొన్నవాడు పాతచోటినుండి నిరభ్యంతర పత్రము తెచ్చుకొని, క్రొత్త సంఖ్య వేయించుకొనవలెను. క్రొత్త సంఖ్యతోపాటు క్రొత్త రాష్ట్రపు జీవితపన్నును వచ్చి కూర్చుండును. దేశమొక్కటియే, బండి యొక్కటియే, యజమాని యొక్కడే, పన్ను మాత్రము రెండు.

ఈ చిక్కు అమ్మకపు పన్నుది కాదని ముందుగా గ్రహింపవలెను. అమ్మకపు పన్ను మన కెరుగని వస్తువు కాదు. అన్ని సరకులపై సాధారణ విక్రయపన్నును ఈ దేశమున మొదట ప్రవేశపెట్టినది 1939లో మన మదరాసు రాష్ట్రమే. తమ పొలిమేరకు వెలుపల జరిగిన అమ్మకముపై రాష్ట్రములు పన్ను వేయరాదని రాజ్యాంగము 286వ అధికరణమున కట్టడి చేసినది. అయినను చాలకాలము ఒక్కొక్క రాష్ట్రమున నొక్కొక్క రేటు. ప్రక్క రాష్ట్రమున చౌకగా దొరకునని బండి కొనబోవుటయు, తెచ్చినవానిపై స్వరాష్ట్రము ప్రవేశపన్ను వేయుటయు, దానిపై వ్యాజ్యములు నడచుటయు మన మెరిగిన చరిత్రయే. 2017 జూలై 1వ తేదీన వస్తుసేవల పన్ను వచ్చి యీ తగవును తీర్చినది. ప్రవేశపన్ను నధికారమును రాజ్యాంగమునుండియే తొలగించిరి. నేడు బెంగుళూరున కొన్నను, నాగపురమున కొన్నను, విజయవాడలో కొన్నను ఒకే బండిపై జి.ఎస్.టి. యొక్కటే. 2025 సెప్టెంబరు 22 నుండి చిన్నకార్లకు నూటికి 18, పెద్దవానికి 40, విద్యుత్తుబండ్లకు 5. పొరుగు రాష్ట్రమునకు పోయి కొన్నచో జి.ఎస్.టి. తగ్గునని యెవరైన చెప్పిన నమ్మవలదు.

అంతకంటె ముఖ్యమైన మాట యొకటి యున్నది. హైదరాబాదు నివాసి బెంగుళూరున బండి కొని, బిల్లుమీద తన హైదరాబాదు చిరునామా వ్రాయించుకొన్నచో, ఆ పన్ను అంతర్రాష్ట్ర పన్నుగా కేంద్రమునకు చేరి, అందు రాష్ట్రభాగము తెలంగాణమునకు సంక్రమించును. ఈ లెక్క తేల్చుకొనువారు కేంద్రమును రాష్ట్రములును. కొనుగోలుదారుడు బెంగుళూరు కార్యాలయమునకు తిరుగనక్కరలేదు. హైదరాబాదున మరల చెల్లింపనక్కరలేదు. రెండు ప్రభుత్వముల నడుమ లెక్క ప్రభుత్వములే చూచుకొనవలెనను నీతిని మన దేశమిచ్చట అంగీకరించినది. ఈ సంగతి పాఠకులు మనస్సున నుంచుకొందురు గాక.

ఆ హైదరాబాదు నివాసి తాత్కాలిక రిజిస్ట్రేషనుతో బండిని ఇంటికి తెచ్చుకొని, తన యూర శాశ్వత రిజిస్ట్రేషను చేయించుకొని, జీవితపన్ను కట్టును. అంతవరకు న్యాయమే. 2022 మే నెలలో తెలంగాణ ప్రభుత్వము సవరించిన పట్టికలో, అయిదు లక్షలకు మించి పది లక్షలలోపు కారుకు నూటికి 14 వంతున పన్ను విధింపబడినది. ఆ లెక్కను 2023లో ఎనిమిది లక్షల కారు కొన్న గృహస్థుడు 1,12,000 రూపాయలు చెల్లించెననుకొందము. మధ్యతరగతివాని కది కొన్ని నెలల సంసారము. మూడేండ్లకు ఉద్యోగము మారి వాడు విజయవాడకు కాపురము మార్చును. 2014 జూన్ 2వ తేదీకి పూర్వమైన నిది యొక రాష్ట్రమున నొక యూరినుండి మరియొక యూరికి ప్రయాణము. పన్ను ప్రసక్తియే లేదు. నేడు రాష్ట్రపు పొలిమేర దాటిన యేడాదికి వాడు, బండి వయస్సునుబట్టి కొంత తగ్గింపు పోగా, జీవితపన్ను మరల చెల్లింపవలెను. భాష మారలేదు, చుట్టరికములు మారలేదు, భోజనము మారలేదు. బండి జన్మ మాత్రము మారినది!

మొదట కట్టిన సొమ్ములో మిగిలిన యేండ్ల భాగమును తిరిగి యిత్తుము గదా యని అధికారులందురు. అవును, కాగితముపై నిత్తురు. ముందుగా క్రొత్తచోట పూర్తిగా చెల్లింపవలెను; క్రొత్త సంఖ్య వేయించుకొనవలెను; ఆ ఋజువులు పట్టుకొని, తాను విడిచివచ్చిన యూరి కార్యాలయమునకు దరఖాస్తు పెట్టుకొనవలెను. తీసికొనునప్పుడు గడియ యాలస్యమైన జరిమానా వేయు ప్రభుత్వము, ఇచ్చునప్పుడు తన యాలస్యమునకు వడ్డీ యిచ్చునా? ఉన్న యూర సెలవు దొరకని చిరుద్యోగి, లేని యూర కార్యాలయము చుట్టు ఎన్నిమారులు తిరుగగలడు? తిరుగలేక ఆ సొమ్మునకు నీళ్లు వదలుకొన్నవా రెందరో. ఇట్లు విడువబడిన ధనము ఏ శాసనసభ విధించిన పన్నును కాదు. ప్రజల యలసటపై వచ్చిన రాబడి.

పాతబండ్లు కొనువారి యవస్థ వేరొకటి. ఢిల్లీలో పదేండ్లు దాటిన డీజిలు బండ్లకును, పదునైదేండ్లు దాటిన పెట్రోలు బండ్లకును హరిత న్యాయస్థానమును, 2018లో సుప్రీముకోర్టును అడ్డు చెప్పినందున, గడువు సమీపించిన బండ్ల నచ్చట చౌకగా వదలించుకొందురు. ఆ ధర చూచి మన పట్టణములవారు ఆశపడుదురు. నిరభ్యంతర పత్రము, ఋణము తీరినట్లు రుజువు, ఇచ్చటి జీవితపన్ను, ఈ మూడును లెక్కించుకొనకమునుపు బేరమాడుట తెలివి కాదు.

రాష్ట్రముల వాదమును త్రోసివేయుట న్యాయము కాదు. జి.ఎస్.టి. వచ్చిన పిమ్మట వానికి స్వతంత్రముగా రేటు నిర్ణయించుకొను పన్నులు మిగిలినవి కొన్నియే: మద్యము, పెట్రోలు, స్టాంపులు, మోటారుబండ్లు. ఉన్న నాలుగు గోవులలో నొకదానిని విడువుమన్న నెవడు విడుచును? పైగా మోసమును కలదు. లక్షల విలువ గల విలాసశకటములను పన్ను తక్కువగానున్న పుదుచ్చేరిలో, అద్దె చిరునామాలపై రిజిస్టరు చేయించి కేరళలో నడపిన ధనికుల వృత్తాంతము 2017లో పత్రికల కెక్కినది. అట్టివారిని పట్టి దండింపుడు. మే మడ్డము రాము. కాని దొంగను పట్టలేక వీధిలోనివారి నందరిని కట్టివేయుట పరిపాలన కాదు. 2014లో కర్ణాటకము తన చట్టమును సవరించి, పొరుగుబండి ముప్పది దినములు దాటి నిలిచిన చాలును, జీవితపన్ను కట్టుమని శాసించినది. 2016లో ఆ రాష్ట్రపు హైకోర్టే ఆ సవరణను కొట్టివేసినది.

మా రోడ్లపై నడచుచున్నావు గావున మాకు చెల్లింపుమని రాష్ట్రమడుగుట సమంజసమే. నడచినన్నాళ్లకే యడుగవలెను. జీవితమంతటికి నొకేసారి గుంజుకొని, సగము జీవిత మన్యత్ర గడపినవానికి లెక్క చెప్పకుండుట ఏ న్యాయము?

కేంద్రప్రభుత్వ మీ న్యాయము నెరుగకపోలేదు. 2021 సెప్టెంబరు 15 నుండి భారత్ శ్రేణి యను క్రొత్త సంఖ్యలు వచ్చినవి. ఆ సంఖ్యగల బండి యే రాష్ట్రమునకు పోయినను మరల రిజిస్ట్రేషను లేదు. పన్ను రెండేసి యేండ్లకు చెల్లించినచాలును. సంతోషించితిమి. కాని యీ వరమెవరికి? సైనికులకు, కేంద్ర రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు, ప్రభుత్వసంస్థల యుద్యోగులకు, నాలుగు రాష్ట్రములలోనైనను కార్యాలయములుగల ప్రైవేటు కంపెనీల యుద్యోగులకు. సైనికునకిచ్చుట ముమ్మాటికి యుక్తము. అయితే చిన్న ప్రైవేటు పాఠశాల యుపాధ్యాయునకు లేదు. వకీలునకు లేదు, వర్తకునకు లేదు, రైతునకు లేదు. ముదిమి వయస్సున కొడుకుపంచ చేరుటకై రాష్ట్రము మారిన తండ్రికి లేదు. యజమాని కార్యాలయముల సంఖ్యనుబట్టి పౌరుని హక్కు నిర్ణయించుట మే మెన్నడు విన్నది కాదు. ఒకనికి సాధ్యమైన యేర్పాటు వాని పొరుగువాని కెట్లసాధ్యమైనదో కేంద్రమువారు సెలవియ్యవలెను.

అమెరికాలో స్థిరపడిన మన తెలుగువారిని అడుగుడు. అచ్చటి రాష్ట్రములు మన రాష్ట్రములకంటె స్వతంత్రములు. విక్రయపన్నులో నేటికిని ఏకరీతి లేదు. ఒరెగను రాష్ట్రమున నా పన్నే లేదు. పొరుగున వాషింగ్టనులో కలదు. ఒరెగనులో బండి కొని తెచ్చుకొన్న వాషింగ్టను నివాసి తన రాష్ట్రమునకు వినియోగపు పన్ను చెల్లింపవలెను, తప్పించుకొనలేడు. కాని యితర రాష్ట్రమున నంతకుముందే విక్రయపన్ను చెల్లించినవానికి ఆ మేరకు మినహాయింపు కలదు. ఈ పద్ధతిని వారి సుప్రీముకోర్టు 1937లోనే సమర్థించినది. చెల్లించిన రశీదు చూపిన మిగిలిన వ్యత్యాసమే కట్టవలెను. ఏబది రాష్ట్రముల సమాఖ్య యొకరి రశీదు నొకరు గౌరవించుచుండగా, ఒకే దేశమొకే పన్ను అని దినదినము ఘోషించు మనకు రశీదు చెల్లని కాగితమా? పూర్వము తెల్లదొరలు ఉప్పు సుంకముకొరకు ముండ్లకంచె పెంచిరి. దాని ననుసరించిన సుంకపు సరిహద్దును 1879లో తెల్లదొరతనమే యెత్తివేసినది. మన కంచెకు ముండ్లు కానరావు. గుచ్చుకొనుట మాత్రము తెలియుచున్నది.

మే మడుగునది పన్ను మాపుకాదు. పాత రాష్ట్రమున చెల్లించిన జీవితపన్నులో మిగిలిన యేండ్ల భాగమును క్రొత్త రాష్ట్రము తన పన్నులో జమకట్టుకొనవలెను. రేటు హెచ్చైన వ్యత్యాసము పౌరుడు చెల్లించును. జమకట్టిన సొమ్మును రెండు ప్రభుత్వములు, వస్తుసేవల పన్నులో నేడు చేయుచున్నట్లే, తమలో తాము తేల్చుకొనవలెను. బండ్ల రిజిస్ట్రేషను లెక్కలు దేశమంతటికి నొక్క యంత్రవ్యవస్థలో నున్నవని రవాణాశాఖవారే చెప్పుకొనుచున్నారు గదా, ఇంక సాకేమి? ఇరువురు తెలుగు ముఖ్యమంత్రులు ఢిల్లీవైపు చూడకయే, తమ రెండు రాష్ట్రముల నడుమ నీ యొడంబడికను రాబోవు శాసనసభా సమావేశములలోనే ప్రకటింపవచ్చును.